కాంటెస్సాని ఎంత దించాలి బావా?

రీల్స్‌లో పాత కార్లన్నీ నేలకి అతుక్కుపోయినట్టే ఉంటాయి. చక్రానికీ ఫెండర్‌కీ మధ్య వేలు కూడా పట్టదు. స్లో మోషన్, వెనక మాస్ బీజీఎం, కింద కామెంట్లలో ఒకటే ప్రశ్న: "అన్నా, ఎంతైంది?" దానికంటే ముందు అడగాల్సింది ఇంకోటుంది. "అన్నా, మీ గల్లీలో స్పీడ్ బ్రేకర్ ఎంత ఎత్తుంది?"

ఈ వారం ముచ్చట అదే. పాత కారుని కిందికి దించాలంటే ఏ స్ప్రింగ్ వేయాలి, ఎంత దించాలి, ఎక్కడ ఆగాలి.

మజిల్ కార్ అనగానే అమెరికా వాళ్లకి 1964 పాంటియాక్ జీటీఓ గుర్తొస్తుంది. 6.4 లీటర్ల వీ8 ఇంజన్, 325 హార్స్ పవర్. మనకి గుర్తొచ్చేది హిందుస్థాన్ కాంటెస్సా. 1972లో ఇంగ్లండులో వచ్చిన వాక్సాల్ విక్టర్ డిజైన్ తీసుకుని హిందుస్థాన్ మోటార్స్ 1984లో మన రోడ్ల మీదికి తెచ్చింది. పొడుగు బానెట్, వెడల్పు మూతి. చూపు మాత్రం పక్కా మజిల్. మొదట్లో పెట్టింది అంబాసిడర్‌లో ఉన్న 1.5 లీటర్ల ఇంజనే, పవర్ యాభై చిల్లర. తర్వాత ఇసుజు 1.8 లీటర్ల పెట్రోల్ ఇంజన్ వచ్చాక బండికి ఊపిరొచ్చింది. 2002లో తయారీ ఆగిపోయింది. అందుకే ఇప్పుడు ఒక్క కాంటెస్సా కనపడినా రోడ్డు మీద పది ఫోన్లు పైకి లేస్తాయి.

సుబేదారిలో మా మేనమామ ఇంటి ముందు అలాంటిదే ఒకటుంది. 1994 మోడల్, ఏపీ 36 నంబర్ ప్లేటు. మామ నడపడం తగ్గించాడు, ఇప్పుడు తాళాలు మా బావ చేతికొచ్చాయి. బావ ఆర్డర్ ఒక్కటే: "రెండు ఇంచులు దించాలెరా. నువ్వు ఇంజనీరింగ్ చేసినవ్ కదా, లెక్క చూడు." చూస్తే మామ మెల్లగా ఒక మాటన్నాడు: "నా మోకాళ్లు చూసినంక దించుండ్రి. నేను ఎక్కి దిగేటట్టు ఉంటే మీ ఇష్టం." కారు రెండు ఇంచులు దిగితే సీటూ రెండు ఇంచులు దిగుతుంది. మోకాళ్ల నొప్పులున్న మనిషికి ఆ 50 మిల్లీమీటర్లు చిన్నవి కాదు. ఏ రీల్‌లోనూ ఈ లెక్క ఉండదు.

ముందు టేపు, తర్వాతే స్పానర్

పాత కారుని దించే ముందు అది ఇప్పుడు ఎక్కడుందో తెలియాలి. చదునైన నేల మీద నిలబెట్టి, టైర్లలో గాలి సరిచేసి, చక్రం మధ్య నుంచి ఫెండర్ అంచు దాకా నాలుగు మూలలా కొలవాలి. టైరు అంచు నుంచి కొలిస్తే టైరు అరుగుదల లెక్క చెడగొడుతుంది, అందుకే చక్రం మధ్య నుంచి.

మా బావ బండి కొలిస్తే కుడి ముందు మూల ఎడమ కంటే 14 మి.మీ. కిందికుంది. డ్రైవర్ ఎప్పుడూ కూర్చునే వైపు అదే కాబట్టి ఆశ్చర్యం లేదు. అసలు ఆశ్చర్యం తర్వాత వచ్చింది. మెకానిక్ ఉస్తాద్ దగ్గర ఒక వాడని పాత స్టాక్ స్ప్రింగ్ ఉంది. మా ముందు స్ప్రింగులు ఊడదీసి పక్కన నిలబెడితే, కుడిది దానికంటే 18 మి.మీ. పొట్టి.

18 అంటే చక్రం దగ్గర 18 కాదు. కాంటెస్సాలో ముందు వైపు డబుల్ విష్‌బోన్, కాయిల్ స్ప్రింగ్. స్ప్రింగ్ విష్‌బోన్ మధ్యలో ఎక్కడో కూర్చుంటుంది, చక్రం దాని చివర ఉంటుంది. తలుపు మధ్యలో ఒక అంగుళం జరిపితే చివర ఇంకా ఎక్కువ జరిగినట్టే ఇదీ. మేం కొలిస్తే ఆ నిష్పత్తి దాదాపు 0.6 వచ్చింది. 18ని 0.6తో భాగిస్తే 30. అంటే ఆ మూల ఇప్పటికే 30 మి.మీ. దిగి ఉంది!

"అంటే ముప్పై ఏండ్లల్ల అదే దిగిందన్నట్టు! మనం కొత్తగ చేసేదేం లేదా?" అన్నాడు బావ.

చేసేది చాలా ఉంది. అలసిపోయి దిగిన స్ప్రింగ్ వేరు, దించడానికే తయారైన స్ప్రింగ్ వేరు. అలసిన దాని గట్టిదనం ఏమీ పెరగలేదు, చక్రం పైకి లేవడానికి ఉన్న జాగా మాత్రం తగ్గింది. అందుకే గుంతలో పడ్డప్పుడల్లా 'దబ్' అని సప్పుడు. అది లోపలున్న బంప్ స్టాప్ రబ్బరుకి విష్‌బోన్ తగులుతున్న సప్పుడు.

స్పీడ్ బ్రేకర్ లెక్క

ఇక్కడ కాస్త లెక్కలు, భయపడకండి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ గైడ్‌లైన్స్ ప్రకారం గుండ్రటి స్పీడ్ బ్రేకర్ వెడల్పు 3.7 మీటర్లు, ఎత్తు 10 సెంటీమీటర్లు, వంపు వ్యాసార్థం 17 మీటర్లు ఉండాలి. కాంటెస్సా ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య దూరం దాదాపు 2.67 మీటర్లు. అంటే కారు నడిమధ్యకి వచ్చినప్పుడు నాలుగు చక్రాలూ స్పీడ్ బ్రేకర్ మీదే ఉంటాయి. లెక్క వేస్తే చక్రాలు అప్పటికే 48 మి.మీ. పైకి లేచి ఉంటాయి. కారు పొట్ట కింద నుంచి పోయేది మిగతా 52 మి.మీ. మాత్రమే.

ఇప్పుడు గల్లీలో వేసిన స్పీడ్ బ్రేకర్ తీసుకోండి. రాత్రికి రాత్రి సిమెంటుతో పోసింది. వెడల్పు రెండడుగులు కూడా ఉండదు, ఎత్తు మాత్రం 10, 12 సెంటీమీటర్లు. ముందు చక్రాలు దాటి కిందికి దిగిపోతాయి, వెనక చక్రాలు ఇంకా ఎక్కలేదు. పొట్ట కింద నుంచి మొత్తం 100, 120 మి.మీ. పోతాయి.

ఒక ఉదాహరణ చూద్దాం. కారు పొట్ట కింద ఖాళీ 160 మి.మీ. ఉందనుకోండి. ఐదుగురు ఎక్కితే 30 తగ్గింది, మిగిలింది 130. మీరు 40 దించారు, మిగిలింది 90. రూలు ప్రకారం కట్టిన స్పీడ్ బ్రేకర్ మీద హాయిగా పోతుంది. గల్లీ స్పీడ్ బ్రేకర్ మీద సైలెన్సర్ గీరుకుంటుంది, అదృష్టం బాగాలేకపోతే ఆయిల్ సంప్ పగులుతుంది. అదే 20 దించితే 110 మిగులుతుంది. పది సెంటీమీటర్లది దాటొచ్చు, పన్నెండుదైతే ఇద్దరిని దింపి దాటించాలి.

అందుకే నా మొదటి సలహా: స్ప్రింగ్ కొనే ముందు మీరు రోజూ పోయే దారిలో అన్నిటికంటే చెడ్డ స్పీడ్ బ్రేకర్‌ని స్కేలుతో కొలవండి. కలెక్టరేట్ ముందు నున్నటి రోడ్డు చూసి నిర్ణయించకండి, మీ ఇంటి మలుపు చూసి నిర్ణయించండి. ఇంకోటి, వానాకాలం. 2020 ఆగస్టు, 2023 జూలై వానలకి హన్మకొండ కాలనీల్లో నీళ్లు ఎంత నిలిచాయో మనకి తెలుసు. నయీంనగర్ నాలా పొంగిన రోజున రెండు ఇంచుల ఎత్తు చాలా విలువైనది.

దించే దారులు ఎన్ని?

ఒకటి, స్ప్రింగ్ కోయడం. అన్నిటికంటే చవక, అందుకే అన్నిటికంటే ఎక్కువ. ఎనిమిది చుట్ల స్ప్రింగ్‌లో ఒక చుట్టు కోస్తే అది దాదాపు 14 శాతం గట్టిపడుతుంది, రెండు కోస్తే 33 శాతం. ఎందుకంటే స్ప్రింగ్ గట్టిదనం చుట్ల సంఖ్యకి విలోమం. అది పెద్ద సమస్య కాదు. సమస్య ఏంటంటే, గ్యాస్ కట్టర్‌తో కోస్తే ఆ వేడికి స్టీలు టెంపర్ పోతుంది. కోసిన చివర తన సీటులో సరిగ్గా కూర్చోదు. చక్రం గుంతలోకి దిగినప్పుడు పొట్టి స్ప్రింగ్ వదులై సీటు నుంచి జారొచ్చు. అరవై మీద పోతున్నప్పుడు అది జరిగితే ఏమవుతుందో నేను రాయక్కర్లేదు. ఇంకా ఘోరం, స్ప్రింగ్ విప్పకుండా కారు మీదే వేడి చేసి కుంగదీయడం. అలా చేస్తామన్న షాపు నుంచి వెంటనే బయటికి రండి.

రెండు, కొలతలిచ్చి కొత్త స్ప్రింగ్ చుట్టించుకోవడం. పాత బండికి నాకు నచ్చిన దారి ఇదే. తయారు చేసేవాళ్లకి ఐదు విషయాలు చెప్పాలి: కమ్మి మందం, చుట్టు బయటి వ్యాసం, చుట్ల సంఖ్య, బరువు లేనప్పటి పొడుగు, చివరలు ఎలా ఉండాలి. కమ్మి మందం దగ్గర జాగ్రత్త. గట్టిదనం మందానికి నాలుగో ఘాతంలో పెరుగుతుంది. 12 మి.మీ. కమ్మి బదులు 13 వేస్తే చూడటానికి ఒక్క మిల్లీమీటరే, స్ప్రింగ్ మాత్రం 38 శాతం గట్టిపడుతుంది.

మూడు, కాయిలోవర్లు. మరతిప్పి ఎత్తు మార్చుకోవచ్చు. కొత్త కార్లకి రెడీమేడ్‌గా వస్తాయి. పాత బండికి వేరే కారు కాయిలోవర్ అతికించాలంటే మౌంటింగులు వెల్డ్ చేయాలి. స్ప్రింగ్ ఒక చోట, షాకప్ ఇంకో చోట మోసేలా తయారైన చాసిస్ ఇది. రెండు బరువులూ షాకప్ బోల్టు మీద పెడితే ఆ రేకు ఎంతకాలం ఆగుతుందో ఎవరూ గ్యారంటీ ఇవ్వరు.

నాలుగు, ఎయిర్ సస్పెన్షన్. బటన్ నొక్కితే దిగుతుంది, నొక్కితే లేస్తుంది. ఫొటోకి దించి, గల్లీలో లేపొచ్చు. కంప్రెసర్, ట్యాంకు, పైపులు, వాల్వులు, వైరింగ్ అన్నీ కావాలి. ఒక్క పైపు లీకైతే ఆ మూల నేల మీదే. ఖర్చు కొన్నిసార్లు పాత కారు ధరనే దాటుతుంది.

అమెరికన్ కార్లకి ఇంకో దారి ఉంది, డ్రాప్ స్పిండిల్. చక్రం కూర్చునే ఇరుసుని పైకి జరిపి తయారు చేస్తారు, స్ప్రింగ్ ముట్టకుండానే బండి దిగుతుంది. అక్కడ రెడీమేడ్‌గా దొరుకుతాయి. ఇక్కడ ఎవరైనా మీ బండి స్పిండిల్‌ని కోసి వెల్డ్ చేసిస్తామంటే దండం పెట్టి వచ్చేయండి. స్టీరింగ్ పార్టు మీద ప్రయోగాలు వద్దు.

1965 మస్టాంగ్ షెల్బీ జీటీ350 కథ కూడా తెలుసుకోవాలి. ఫోర్డ్ ఇంజనీరు క్లాస్ ఆర్నింగ్ ముందు చక్రాల పై ఆర్మ్ బిగించే రంధ్రాలని ఒక అంగుళం కిందికి మార్చారు. బండి కొంచెం దిగింది. అసలు లాభం వేరే: మలుపులో టైరు రోడ్డుని ఇంకా బాగా పట్టుకుంది. అంటే ఆ పనిలో చూపు బోనస్, పట్టు లక్ష్యం. మనం చాలాసార్లు తిరగేసి చేస్తాం.

అంబాసిడర్ ఉన్నవాళ్లకి లెక్క వేరు. ముందు టార్షన్ బార్, వెనక కమాన్ కట్టలు. కాయిల్ సలహా దానికి పనికిరాదు.

ఎంత దించాలి?

చక్రం పైకి లేవడానికి 75 మి.మీ. జాగా ఉందనుకోండి. 20 దించితే 55 మిగులుతుంది. అదే గుంత దెబ్బని అంత తక్కువ జాగాలో స్ప్రింగ్ ఒక్కటే మింగాలంటే 1.86 రెట్లు గట్టిగా ఉండాలి. 40 దించితే మిగిలేది 35, అప్పుడు 4.6 రెట్లు! అంత గట్టి స్ప్రింగ్ వేస్తే అది కారు కాదు, ఎడ్లబండి. వేయకపోతే ప్రతి గుంతలో దబ్ దబ్. దించిన ప్రతి మిల్లీమీటరూ ముందు దానికంటే ఖరీదు, అసలు సూత్రం ఇదే.

"మరి రోడ్ గ్రిప్ పెరుగుతది కదా?" అని బావ వాదన. పెరుగుతుంది, అనుకున్నంత కాదు. కారు బరువు కేంద్రం నేల నుంచి 55 సెంటీమీటర్ల ఎత్తులో ఉందనుకుంటే, 2.5 సెంటీమీటర్లు దించితే మలుపులో ఒక పక్కకి మారే బరువు తగ్గేది 4.5 శాతమే. పైగా డబుల్ విష్‌బోన్ బండిని మరీ దించితే ఆర్ముల కోణం మారి, కారు ఒరిగే గుణం చాలాసార్లు ఇంకా పెరుగుతుంది. ముప్పై ఏళ్ల బండిలో అరిగిన బుష్‌లు, వదులైన బాల్ జాయింట్లు, చచ్చిన షాకప్‌లు మార్చితే వచ్చే తేడా దీనికంటే చాలా ఎక్కువ.

చివరికి మేం ఒప్పుకున్న లెక్క ఇది. ముందు వైపు ఒరిజినల్ ఎత్తు కంటే 20 మి.మీ. తక్కువ, వెనక 15 తక్కువ. స్ప్రింగ్ గట్టిదనం 25 శాతం ఎక్కువ. స్ప్రింగ్ దగ్గర తగ్గించాల్సింది 20ని 0.6తో గుణిస్తే 12 మి.మీ. మిగతా దెబ్బ కొత్త బంప్ స్టాప్‌లు, మంచి షాకప్‌లు, మెల్లగా నడిపే కాలు చూసుకోవాలి. స్ప్రింగ్ 25 శాతం గట్టిపడితే షాకప్ దాదాపు 12 శాతం గట్టిగా ఉంటే చాలు. కానీ పొడుగు చూడాలి. బంప్ స్టాప్ తగలకముందే షాకప్ లోపల పిస్టన్ అడుగుకి తగలకుండా ఉండాలి, తగిలితే పాడవుతుంది.

ఇందులో కామెడీ ఏంటంటే, ఇప్పుడు 30 కుంగి ఉన్న కుడి ముందు మూల, 'లోయరింగ్' తర్వాత 10 మి.మీ. పైకి లేస్తుంది. దించడానికి డబ్బులిచ్చి లేపించుకోవడం! బావ రెండు రోజులు అలిగాడు. మామ మాత్రం నవ్వాడు: "మంచిదే. నేను ముందట కూసుంట."

స్ప్రింగ్ మారాక పని అయిపోదు. వీల్ అలైన్‌మెంట్ తప్పనిసరి. విష్‌బోన్ బండి దిగితే చక్రం పైభాగం లోపలికి వాలుతుంది, టో మారుతుంది, టైరు లోపలి అంచు నెలల్లో అరుగుతుంది. స్టీరింగ్ పూర్తిగా తిప్పి టైరు ఎక్కడైనా రాసుకుంటుందేమో చూడాలి. బ్రేకు హోస్ ఎక్కడా లాగకూడదు, ఒత్తుకోకూడదు. వెనక ఇరుసుకి పాన్‌హార్డ్ రాడ్ ఉంటే, ఎత్తు మారినప్పుడు ఇరుసు కొంచెం పక్కకి జరుగుతుంది, రెండు వైపులా ఖాళీ కొలవండి. హెడ్‌లైట్లు మళ్లీ సెట్ చేయించండి. మొదటి వంద కిలోమీటర్ల తర్వాత ప్రతి బోల్టూ ఇంకోసారి బిగించాలి. విష్‌బోన్ బుష్‌ల బోల్టులు మాత్రం కారు చక్రాల మీద నిలబడ్డాకే ఫైనల్‌గా బిగించాలి. గాల్లో వేలాడుతుండగా బిగిస్తే రబ్బరు మెలిపడి తొందరగా చిరుగుతుంది.

ఆర్సీ ఏమంటుంది?

మోటారు వాహనాల చట్టం 1988, సెక్షన్ 52 ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరణతో వచ్చిన సెక్షన్ 182ఏ ప్రకారం అనుమతి లేని ఒక్కో మార్పుకీ 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. అరిగిన స్ప్రింగ్ మార్చడం రిపేరు. చాసిస్ కోసి ఎయిర్ బ్యాగులు పెట్టడం పూర్తిగా వేరే కథ. మధ్యలో ఉన్న పనేదైనా చేసే ముందు ఆర్టీఏ ఆఫీసులో అడగండి, ఇన్సూరెన్స్ వాళ్లకి రాతపూర్వకంగా చెప్పండి.

సొంత కారు ఆర్సీ 15 ఏళ్లకి, తర్వాత ఐదేళ్లకోసారి రెన్యువల్ అవుతుంది, ప్రతిసారీ బండిని చూపించాలి. 1994 బండికి తర్వాతి వంతు 2029లో. అప్పుడు ఇన్‌స్పెక్టర్ ముందు నిలబడేది రీల్ కాదు, బండి.

ఇంకో తేదీ గుర్తుపెట్టుకోండి. 2021లో కేంద్రం వింటేజ్ వాహనాల రూల్స్ తెచ్చింది. 50 ఏళ్లు దాటి, చాసిస్, బాడీ, ఇంజన్ పెద్దగా మార్చకుండా అసలు రూపంలో ఉన్న బండికి ప్రత్యేక రిజిస్ట్రేషన్ ఇస్తారు. మొదటి కాంటెస్సాలకి 2034లో యాభై నిండుతాయి. మా మామ బండికి 2044లో. అప్పటికి ఎన్ని మిగులుతాయో చెప్పలేం గానీ, కోయనివాటికే ఆ విలువ ఉంటుంది. అందుకే మీ బండికి ఏ పని చేయించినా ఒకటి పాటించండి: బోల్టులతో బిగించింది బోల్టులతోనే ఊడాలి, వెల్డింగ్ వద్దు. ఊడదీసిన ఒరిజినల్ స్ప్రింగులకి గ్రీజు రాసి, సంచిలో చుట్టి, 'ముందు కుడి', 'ముందు ఎడమ' అని రాసి అటక మీద పెట్టండి. తుక్కు షాపుకి మాత్రం ఇవ్వకండి.